తెగిన తీగ, ఆగని ఉత్తరం

2008 జనవరి 30, బుధవారం. ఈజిప్టు దేశపు రేవుపట్టణం అలెగ్జాండ్రియాకు సమీపంలో, మధ్యధరా సముద్రం అడుగున పడివున్న రెండు కేబుళ్ళు కొద్ది గంటల తేడాతో తెగిపోయాయి. పైన అలలు ఎప్పటిలాగే ఒడ్డును తాకుతున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు, చూసిన మనిషి లేడు. కాని ఆ పగలు గడవకముందే కైరో మొదలు బెంగుళూరు వరకూ లక్షలాది మంది తమ కంప్యూటర్ల ముందు కూర్చుని తెల్లబోయి చూడసాగారు. పంపిన ఉత్తరం కదలదు. రావలసిన జవాబు రాదు. పశ్చిమ దేశాల సంస్థలకు రాత్రింబగళ్ళు లెక్కలు చూసిపెట్టే మన కార్యాలయాలలో కలవరం బయలుదేరింది. దేశానికి ఉన్న ఇంటర్నెట్ సామర్థ్యంలో సగానికి పైగా ఆ దెబ్బకు పోయిందని ఇంటర్నెట్ సేవాసంస్థల సంఘం ప్రకటించింది.

ఆశ్చర్యం కేబుళ్ళు తెగడంలో లేదు. సముద్రంలో కేబుళ్ళు తెగుతూనే ఉంటాయి. అంత దెబ్బ తిన్నా వ్యవస్థ మొత్తం ఆగిపోలేదు. అసలు ఆశ్చర్యం అదీ! ఉత్తరాలు నత్తనడకన అయినా చేరుతూనే వచ్చాయి. పడమటి దారి మూసుకుపోగా ఎన్నో ఉత్తరాలు తూర్పుకు తిరిగి, సింగపూరు మీదుగా, పసిఫిక్ మహాసముద్రం దాటి, అమెరికా ఖండం చుట్టి తమ గమ్యం చేరుకున్నాయి. ప్రతి ఉత్తరాన్నీ చేత పట్టుకుని "అటు కాదు, ఇటు వెళ్ళు" అని చెప్పిన మానవుడెవరూ లేడు. మరి వాటికి దారి ఎవరు చూపించారు? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం తెలుసుకుంటే, కంప్యూటర్ నెట్‌వర్క్ అనే విషయంలో సామాన్యుడు తెలుసుకోవలసిన దాంట్లో ముప్పాతిక వంతు తెలుసుకున్నట్టే.

ట్రంక్ కాల్‌కూ కార్డు ముక్కకూ తేడా

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే మూడే కావాలి. ఒకటి, వాటి మధ్య ఒక దారి. అది రాగి తీగ కావచ్చు, గాజు పోగు కావచ్చు, రేడియో తరంగం కావచ్చు. రెండు, ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి చిరునామా. మూడు, ఇద్దరూ ముందుగా ఒప్పుకున్న మర్యాద. ఈ మూడూ కుదిరితే ఒక గదిలో ఉన్న రెండు యంత్రాలు కూడా నెట్‌వర్క్ అనిపించుకుంటాయి. ఇంట్లోవీ, బడిలోవీ, బ్యాంకులోవీ ఇటువంటి చిన్న నెట్‌వర్కులు లక్షలకొద్దీ ఒకదానితో ఒకటి ముడిపడగా ఏర్పడిన మహా అల్లికే ఇంటర్నెట్. దానికి రాజధాని లేదు, యజమాని లేడు.

ఒకప్పుడు దూరపు ఊరికి టెలిఫోను చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకుని కూర్చోవలసి వచ్చేది. కారణం ఏమంటే, మాట్లాడే ఇద్దరి మధ్య ఒక లైను మొదటి నుంచి చివరి దాకా వారికే అంకితమై ఉండాలి. వారు మాట్లాడినా, మౌనంగా ఊరుకున్నా, ఆ లైను మరొకరికి పనికిరాదు. మధ్యలో ఎక్కడ తెగినా సంభాషణ అంతటితో సరి.

తపాలా పద్ధతి వేరు. ఒక కార్డు ముక్క కోసం ఎవరూ రోడ్డును ఖాళీగా అట్టేపెట్టరు. వేలమంది ఉత్తరాలు ఒకే సంచిలో, ఒకే బండిలో వెళతాయి. వంతెన కూలితే బండి వేరే దారిన పోతుంది.

1960 తరువాతి తొలి సంవత్సరాలలో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పనిచేస్తున్న పాల్ బారన్ ఈ తేడా గురించి తీవ్రంగా ఆలోచించాడు. అది అణుయుద్ధ భయం కమ్ముకున్న కాలం. నడిబొడ్డున ఉన్న ఒక్క ఎక్స్ఛేంజి మీద బాంబు పడితే దేశమంతా మూగబోతుంది. అలాకాక చేపల వలలాగా ప్రతి ముడికీ అనేక దారులు ఉంటే? సందేశాన్ని చిన్న ముక్కలుగా చేసి, ఏ ముక్క ఏ దారిన పోవాలో ఎక్కడికక్కడ తేల్చుకోనిస్తే? దాదాపు అదే ఆలోచన 1965లో బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్‌కు స్వతంత్రంగా తట్టింది. ఆ ముక్కలకు 'ప్యాకెట్' అని పేరు పెట్టినవాడు ఆయనే. మన మాటలో చెప్పాలంటే పొట్లం.

ఈ ఆలోచన 1969 అక్టోబరు 29 రాత్రి అమెరికాలో పరీక్షకు నిలిచింది. లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చార్లీ క్లైన్ అనే విద్యార్థి, వందల మైళ్ళ దూరాన స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉన్న కంప్యూటర్‌కు 'లాగిన్' అన్న ఇంగ్లీషు మాటను ఒక్కొక్క అక్షరంగా పంపసాగాడు. 'ఎల్' చేరింది. 'ఓ' చేరింది. మూడో అక్షరం దగ్గర అవతలి యంత్రం కుప్పకూలింది. ఆ విధంగా నెట్‌వర్క్ మోసిన మొట్టమొదటి సందేశం 'లో' అయింది. తెలుగువాడికి అందులో అర్థం కూడా స్ఫురిస్తుంది. ద్వారం తెరుచుకున్నది, లోనికి అడుగు పడింది. గంటసేపట్లో లోపం సవరించి పూర్తి మాట పంపారు. ఆ ఏడాది ముగిసేసరికి నాలుగు కంప్యూటర్లు కలిశాయి.

మన దేశంలో 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్య సమితి సహాయంతో 'ఎర్నెట్' అనే పథకాన్ని ప్రారంభించి ఐ.ఐ.టి.లనూ బెంగుళూరు విజ్ఞాన సంస్థనూ ఒక దారంతో కట్టింది. సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ తలుపులు తెరిచింది 1995 ఆగస్టు 15న.

ఒక ఫోటో, రెండువేల పొట్లాలు

శ్రీకాకుళంలో పుట్టిన పసిబిడ్డ ఫోటోను అమెరికాలో ఉన్న మేనమామకు పంపుతున్నారని అనుకుందాం. కంప్యూటర్‌కు తెలిసింది అంకెలే. ఒక చిన్న అంకెల కట్టను బైట్ అంటారు. ఇంగ్లీషు అక్షరానికి సాధారణంగా ఒక బైట్ చాలు. 'తెలుగు' అన్న మాట ఇంటర్నెట్ మీద ప్రయాణం చేయడానికి 18 బైట్లు పడుతుంది. మూడు హల్లులకూ మూడు గుణింతపు గుర్తులకూ తలకు మూడేసి బైట్ల చొప్పున. ఫోటోకు ముప్పై లక్షల బైట్లు కావలసి రావచ్చు. పొట్లం ఒక్కింటికి మామూలుగా పట్టేది సుమారు 1,500 బైట్లు మాత్రమే. కాబట్టి ఆ ఫోటో రెండువేల పొట్లాలు అవుతుంది.

ప్రతి పొట్లం మీదా పంపినవారి చిరునామా, అందుకునేవారి చిరునామా, పొట్లం వరుసను తెలిపే సంఖ్య రాసి ఉంటాయి. వరుస సంఖ్య ఎందుకంటే, అన్నీ ఒకే దారిన పోతాయన్న నియమం లేదు. వెనుక బయలుదేరింది ముందు చేరవచ్చు. అవతలి యంత్రం వాటిని వరుసలో పేర్చి, అందినంతవరకు రసీదు పంపుతుంది. రిజిస్టరు ఉత్తరానికి ఎక్‌నాలెడ్జిమెంటు కార్డు తిరిగి వచ్చినట్టే. రసీదు రాని పొట్లాన్ని పంపినవాడు మళ్ళీ పంపుతాడు. దారిలో పది పొట్లాలు పోయినా బిడ్డ మొహం మీద ఒక్క చుక్క కూడా చెరగదు.

ఈ మర్యాదల సంపుటినే ప్రోటోకాల్ అంటారు. పొట్లాలు పంపుకోబోయే ముందు రెండు యంత్రాలు మూడు మాటలు చెప్పుకుంటాయి. "వినబడుతోందా?" అంటుంది ఒకటి. "వినబడుతోంది, నా మాట నీకు వినబడుతోందా?" అంటుంది రెండవది. "ఆఁ, వినబడుతోంది" అంటుంది మొదటిది. అటుపైనే అసలు సంగతి. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించిన ఈ పద్ధతిని, మరింత మెరుగుపరచి, 1983 జనవరి 1 నుంచి ఆనాటి నెట్‌వర్క్ అంతటా అమలు చేశారు. ఏ కంపెనీ యంత్రమైనా, ఏ దేశపు యంత్రమైనా ఇదే భాష మాట్లాడాలి.

అయితే ప్రతి పనికీ రసీదులు అక్కరలేదు. ఫోనులో మాట్లాడేటప్పుడు పోయిన అర మాటను రెండు క్షణాల తరువాత తెచ్చి ఇస్తే లాభం లేకపోగా గందరగోళం. అందుచేత మాటకూ ప్రత్యక్ష ప్రసారానికీ తరచు రసీదు లేని పద్ధతినే వాడతారు. వీడియో కాల్‌లో మేనమామ మొహం అప్పుడప్పుడు గళ్ళుగళ్ళుగా చెదిరిపోవడానికి కారణం ఇదే.

పిన్ కోడ్ నేర్పే పాఠం

1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఆరంకెల పిన్ కోడ్ ప్రవేశపెట్టింది. ఒకే పేరు గల ఊళ్ళు, పది భాషల చేతిరాతలు, వీటి మధ్య సతమతమవుతున్న ఉద్యోగులకు అది వరప్రసాదమైంది. 532001 అన్న సంఖ్యలో మొదటి అంకె దక్షిణాదిన ఒక మండలాన్ని, మొదటి మూడంకెలు శ్రీకాకుళం ప్రాంతాన్ని, చివరి మూడూ అక్కడి తపాలా కార్యాలయాన్ని తెలుపుతాయి. సంఖ్య ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ చిరునామా దగ్గరవుతుంది.

కంప్యూటర్ చిరునామా కూడా ఇట్టిదే. దానిని ఐ.పి. అడ్రసు అంటారు. పాత పద్ధతిలో అది చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. మొదటి భాగం నెట్‌వర్కును, చివరి భాగం అందులోని యంత్రాన్ని సూచిస్తుంది. ఈ లెక్కన సాధ్యమయ్యే చిరునామాలు 429 కోట్ల పైచిలుకు. పద్ధతిని రూపొందించిన రోజులలో అది తరగని గని అనిపించింది. కాని 2011 ఫిబ్రవరిలో, ప్రపంచంలోని ప్రాంతీయ సంస్థలకు పంచిపెట్టే మూల భాండాగారం అడుగంటింది. ఈ కొరత తీర్చడానికి రెండు ఉపాయాలు అమలులో ఉన్నాయి. ఒకటి, ఇల్లంతటికీ బయట ఒకే చిరునామా. లోపలి ఫోనులకూ టెలివిజనుకూ వేరే లోపలి నంబర్లు. అపార్ట్‌మెంటు తలుపు నంబరు ఒకటే అయినా వాచ్‌మన్ ఏ ఉత్తరం ఏ వాటాదో చూసి ఇచ్చినట్టు. రెండవది, ఊహకందనంత విశాలమైన కొత్త చిరునామా పద్ధతి. మన దేశం దీనిని విరివిగా వాడుతున్న దేశాలలో ఒకటి.

సంఖ్యలు యంత్రాలకు ఇంపు. మనుషులకు పేర్లు కావాలి. మొదట్లో పేర్లూ సంఖ్యలూ గల జాబితా ఒకే ఒక చోట, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో, ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె నాయకత్వాన ఉండేది. ఊరికొక్క కరణం దగ్గర దస్తరం ఉన్నట్టన్నమాట. కంప్యూటర్లు పెరిగినకొద్దీ ఒక్క దస్తరం చాలలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు దానిని అంచెలంచెలుగా పంచిపెట్టాడు. ఇప్పుడు ఎవరైనా ఒక పేరు టైపు చేయగానే కంప్యూటర్ ముందుగా ఈ దస్తరాన్ని అడిగి సంఖ్య తెలుసుకుని, తరువాతే బయలుదేరుతుంది. చివర భారతదేశపు గుర్తు గల పేర్లకు దస్తరం వేరు. అందులోని ఒక్కొక్క సంస్థకు మళ్ళీ వేరు.

దారి చూపే కూడళ్ళు

రాత్రి రైలులో తపాలా పెట్టెలో నిలబడి ఉత్తరాలు వేరుచేసే ఆర్.ఎం.ఎస్. ఉద్యోగిని తలచుకుంటే రౌటర్ అనే యంత్రం పని తేలికగా బోధపడుతుంది. ఆయన ఉత్తరం చదవడు. దాని ప్రయాణమంతా ఆయనకు తెలియదు. పిన్ కోడ్ చూసి, తన తరువాత అది ఏ సంచిలో పడాలో మాత్రం తెలుసు. రౌటర్ కూడా అంతే. శ్రీకాకుళం ఫోటో ఇంట్లోని పెట్టె నుంచి అమెరికా చేరేలోగా పది, పదిహేను, ఇరవై రౌటర్లు దాటవచ్చు. ఒక్కొక్కటీ ఒక్క మజిలీకే బాధ్యత వహిస్తుంది.

పొట్లం దారి తప్పి ఒకే చోట గానుగెద్దులా తిరుగుతూ ఉండిపోతే? దానికీ విరుగుడు ఉంది. బయలుదేరేటప్పుడే పొట్లం మీద, 64 అనుకుందాం, ఒక సంఖ్య వేస్తారు. దాటిన ప్రతి రౌటరూ అందులోంచి ఒకటి తీసివేస్తుంది. సున్న అయితే పొట్లాన్ని పారవేస్తుంది. పంపినవాడికి రసీదు అందదు కాబట్టి మళ్ళీ పంపుతాడు.

మరి ఏ దారి మంచిదో రౌటర్లకు ఎలా తెలుస్తుంది? అవి పొరుగువారితో కబుర్లు చెప్పుకుంటూ ఉంటాయి. "ఫలానా చిరునామాలకు నా మీదుగా పోవచ్చు" అని ఒకటి చెబితే, విన్నది తన దగ్గరి పట్టిక సవరించుకుని మరొక దానికి చెబుతుంది. పెద్ద పెద్ద సంస్థల రౌటర్లు మాట్లాడుకునే ఈ మర్యాదను 1989లో ఇద్దరు ఇంజనీర్లు ఒక సమావేశం సందర్భంగా భోజనాల వేళ కాగితపు రుమాళ్ళ మీద గీసుకుని రూపొందించారు. తాత్కాలికంగా సరిపెట్టుకుందామని రాసుకున్న ఆ పద్ధతే, ఎన్నో మార్పులతో, నేటికీ ప్రపంచాన్ని నడుపుతున్నది.

2008 జనవరి 30న జరిగింది ఇదే. అలెగ్జాండ్రియా వద్ద దారి తెగగానే అటు ఇటు ఉన్న రౌటర్లు "ఇక నా మీదుగా రావద్దు" అని పొరుగువారికి చెప్పాయి. తూర్పు దారులు ఉన్న సంస్థలు వాటిని తెరిచాయి. గాజు పోగులో వెలుగు సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. ముంబై నుంచి లండనుకు తూర్పుగా చుట్టి వెళితే పాతిక వేల కిలోమీటర్లకు పైనే. అయినా అది సెకనులో ఎనిమిదో వంతు మాట. కనుక జనం పడిన అవస్థకు ముఖ్య కారణం దూరం కాదు, రద్దీ. జాతీయ రహదారి మూసివేస్తే ఊళ్ళోని సందులలో లారీలన్నీ దూరినట్టు అయింది. తూర్పు దారులు కొనుక్కోని చిన్న సంస్థల ఖాతాదారులు మరింత ఇబ్బంది పడ్డారు. వల ఎంత గట్టిదైనా, ఎవరి ఇంటికి ఎన్ని దారులున్నవన్నదే చివరకు తేల్చేది.

తప్పుడు దారిగుర్తు

తీగ తెగితే తట్టుకోగల ఈ వ్యవస్థ, మాట తప్పితే తట్టుకోగలదా? ఆ ప్రశ్నకు జవాబు మరో నెల తిరగకముందే వచ్చింది.

2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్‌లోని ఒక టెలిఫోను సంస్థ, ప్రభుత్వ ఆదేశం మేరకు యూట్యూబ్‌ను ఆ దేశం వరకు ఆపడానికి పూనుకున్నది. అందుకు అది "యూట్యూబ్ చిరునామాలకు దారి నా దగ్గర ఉంది" అని తన రౌటర్లకు చెప్పుకుని, వచ్చిన పొట్లాలను పారవేయదలచింది. కాని ఆ మాట పొరపాటున దేశం ఎల్లలు దాటింది. విన్న రౌటర్లు నమ్మి పక్కవాటికి చెప్పాయి. ఆ ప్రకటనలో చిరునామా అసలు దానికంటె మరింత నిర్దిష్టంగా ఉండడం వల్ల, నియమం ప్రకారం దానికే విలువ ఇచ్చాయి. నిమిషాలలో ప్రపంచం నలుమూలల నుంచి యూట్యూబ్‌కు పోవలసిన పొట్లాలు తప్పుదారి పట్టి మాయం కాసాగాయి. ఇంజనీర్లు గుర్తించి సరిదిద్దేసరికి సుమారు రెండు గంటలు పట్టింది.

ఒకే ఊపిరిలో చెప్పుకోదగిన రెండు సంఘటనలు ఇవి. రెండు కేబుళ్ళు తెగినా నెట్‌వర్క్ కుంటుతూ నడిచింది. ఒక్క అబద్ధపు కబురుకు మోసపోయింది. కారణం స్పష్టం. దీనిని కట్టినవారు ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది విద్వాంసులు. విరోధి బయట నుంచి బాంబు వేయవచ్చునని ఊహించారు గాని, లోపలివాడి నోట పొరపాటు మాట వస్తుందని అంతగా ఊహించలేదు. ఆ తరువాత, ఫలానా చిరునామాలు ఫలానా సంస్థవేనని రుజువు చేసే చేవ్రాలు పద్ధతి వచ్చింది. దానిని పాటించేవారు ఏటేటా పెరుగుతున్నారు. ఇంకా అందరూ కాలేదు.

మన గడపలో

ఈ పెద్ద కథలోని నీతి చిన్న ఇంటికీ వర్తిస్తుంది. గోడకు తగిలించిన వై-ఫై పెట్టె కూడా ఒక రౌటరే. ఫోను మీద వై-ఫై గీతలు నిండుగా ఉన్నా ఏమీ తెరుచుకోవడంలేదని చాలామంది కంగారు పడతారు. ఆ గీతలు తెలిపేది ఫోనుకూ పెట్టెకూ మధ్యనున్న కొద్ది గజాల సంగతి మాత్రమే. పెట్టె నుంచి వీధి స్తంభానికి తీగ తెగితే వాటికి తెలియదు. కాబట్టి లోపం వెతికే క్రమం ఇది: ఇంట్లో మరో ఫోను పనిచేస్తున్నదా? పెట్టె మీద బయటి లైను దీపం మామూలుగా ఉన్నదా? ఒక్క చోటు తప్ప మిగతావన్నీ తెరుచుకుంటున్నవా? మొదటి ప్రశ్నకు 'అవును' అయితే తప్పు ఫోనుది. రెండవదానికి 'కాదు' అయితే లైనుది. మూడవదానికి 'అవును' అయితే అవతలివారిది. సగం ఫిర్యాదులు ఇక్కడే తేలిపోతాయి.

మరొక్క సంగతి. పొట్లం ఎన్నో చేతులు మారుతుంది. అది పోస్టు కార్డు అయితే దారిలో ఎవరైనా చదవవచ్చు. అందుకే బ్యాంకులూ తదితర సంస్థలూ సందేశాన్ని రహస్య లిపిలోకి మార్చి, కవరులో పెట్టి అంటించినట్టు పంపుతాయి. తెర మీద కనిపించే చిన్న తాళం గుర్తుకు అర్థం అది: కవరు అంటించి ఉంది, చిరునామాలోని పేరు గలవారికే అందుతుంది అని. ఆ పేరు గలవాడు మంచివాడని మాత్రం తాళం హామీ ఇవ్వదు. దొంగ కూడా తన తలుపుకు తాళం వేసుకుంటాడు. పేరును అక్షరం అక్షరం చదివి చూసుకోవలసింది మనమే. ఫోనులో వచ్చిన ఓ.టి.పి. సంఖ్యను తీయని మాటలతో అడిగినవాడికి చెప్పేస్తే, ప్రపంచంలోని ఏ తాళమూ ఆ ఇంటి సొమ్మును కాపాడలేదు. రౌటర్లు చేసిన పొరపాటే మనుషులూ చేస్తారు. చెప్పినవాడెవడో విచారించక నమ్ముతారు.

అలెగ్జాండ్రియా కేబుళ్ళను బాగుచేయడానికి ఓడలు బయలుదేరాయి. ఇటువంటి ఓడల సిబ్బంది కేబుల్‌లోకి వెలుగు పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఎంత దూరాన తెగిందో లెక్క కడతారు. సముద్రంలోకి కొక్కెం దించి తెగిన కొసలను పైకి లాగి, వెంట్రుకవంటి గాజు పోగులను ఒక్కొక్కటిగా కరిగించి అతుకుతారు. ఫిబ్రవరి రెండవ వారానికల్లా పని పూర్తయింది. ఈలోగా ఫిబ్రవరి 1న దుబాయి సమీపంలో తెగిన మరొక కేబుల్ దగ్గర, ఎవరో వదిలివేసిన అయిదారు టన్నుల బరువు గల ఓడ లంగరు దొరికింది.

ఖండాల మధ్య పోయే మన మాటలు దాదాపు అన్నీ నేటికీ సముద్రం అడుగున ఇటువంటి తీగల మీదనే ఆధారపడి ఉన్నాయి. శ్రీకాకుళంలో తల్లి నొక్కిన మీటకు అమెరికాలో మేనమామ మొహాన చిరునవ్వు పూసే ఆ క్షణంలో, నడిసంద్రపు చీకటిలో రెండువేల పొట్లాలు వెలుగు తునకలై పరుగులు తీసి ఉంటాయి. ఒకటి రెండు దారిలో రాలిపోయి ఉంటాయి. వాటి కోసం ఎక్కడో ఒక యంత్రం ఓర్పుగా మళ్ళీ అడిగి ఉంటుంది.